ఏడుగురు తాతల పేర్లు

కెగెన్ కనుమ దారి మూసేసి అది మూడో రోజు. జౌరేష్ లేస్తూనే కిటికీ దగ్గరికి నడిచింది. నిన్న సాయంత్రం దాకా మంచులోంచి తలలు బయటపెట్టి చూస్తున్న కంచె కర్రలు ఇవాళ కనిపించడం లేదు. అంటే మంచు ఇంకో జానెడు పెరిగిందన్నమాట. రవికెలో దాచుకున్న గుర్తింపు కార్డులు తడిమి చూసుకుంది. రెండూ ఉన్నాయి.

ఈ ప్రయాణం ఆమె అడిగింది కాదు. కూతురు షోల్పాన్ పట్టుబట్టింది. "అమ్మా, పుట్టిన దగ్గర్నుంచీ మన ఊరు పెత్రోపావ్ల్ దాటలేదు నువ్వు. మన దేశం మనం చూడకపోతే ఎవరు చూస్తారు?" అంటూ రెండు రోజులు రైల్లో కూర్చోబెట్టి దక్షిణానికి లాక్కొచ్చింది. చారిన్ లోయ దగ్గర ఎర్ర రాళ్ళు చూస్తున్నంత సేపూ జౌరేష్ అంచుకు పదడుగుల దూరంలో నిలబడి, కూతురి కోటు వెనక భాగం పట్టుకుని వదల్లేదు. కోల్సాయ్ సరస్సులో పడవ ఎక్కనివ్వలేదు. పొగబెట్టిన గుర్రం మాంసం, పులిసిన ఒంటె పాలు, నూనెలో వేయించిన వేడి వేడి పిండి ఉండలు బౌర్సాకులు, దారిలో ఏ ఊళ్ళో ఏం పెట్టినా ముందు తను తిని, కాసేపు ఆగి, కడుపులో ఏమీ కాలేదని తేలాకే కూతుర్ని తిననిచ్చింది.

చివరికి ఒక్క రాత్రి ఉందామని నూర్‌బికె ఇంట్లో దిగారు. యాత్రికులకు గదులిచ్చే ఇల్లది. ఆ రాత్రే మంచు మొదలైంది.

ఇల్లు వెచ్చగానే ఉంది. తిండికీ లోటు లేదు. జౌరేష్‌కు గొంతులో అడ్డంపడ్డ ముల్లు ఒక్కటే. నూర్‌బికెకు జాందోస్ అని ముప్పై ఏళ్ళ కొడుకున్నాడు, పెళ్ళి కాలేదు. కట్టెలు తెచ్చి పొయ్యి దగ్గర పడేస్తూ షోల్పాన్ వైపు చూస్తాడు. చూసినవాడు ఊరుకోడు, ఇంకోసారి చూస్తాడు. ఎక్కడో పిల్లను కారులో ఎక్కించుకుపోయి, నెత్తిన తెల్ల రుమాలు కప్పి, ఇక నువ్వు మా కోడలివన్నారని ఫోన్లో ఎన్ని కథలు చదివింది! ఇక్కడైతే కారు కూడా అక్కర్లేదు. మంచే తలుపు మూసేసింది.

ఆ పొద్దున షోల్పాన్ వంటింట్లో కూర్చుని పిండి వత్తుతోంది. మాంసం కింద పరిచే పల్చటి పిండి రేకులు అవి.

"చూడక్కా, వెనక చెయ్యి పెడితే వేళ్ళు కనబడేట్టు వత్తుతోంది నీ కూతురు," అంది నూర్‌బికె. "పట్నం పిల్లలకి అప్పడాల కర్ర ఏ వైపు పట్టుకోవాలో తెలీదు. మా జాందోస్ నుదుట ఇట్లాంటి పిల్ల రాసిపెట్టి ఉంటే నేనిక ఆ పొయ్యి మొహం చూడను."

"నాలుగు తిడితే చేస్తుందిలే," అంది జౌరేష్.

"ఇంతకీ మీదే తెగక్కా?"

ఎవరు ఎవరికి ఎదురైనా అడిగే ప్రశ్నే. కానీ జౌరేష్‌కు ఆ వరసలో వినబడలేదు. పిల్ల పనితనం పొగిడి, కొడుకు పేరెత్తి, ఆ వెంటనే తెగ అడిగిందంటే లెక్క కట్టడం మొదలుపెట్టినట్టే. ఏడు తరాల్లో మూలపురుషుడు ఒక్కడైతే పెళ్ళి మాట ఎత్తకూడదు. వేరైతే అడ్డేముంది? ఈ చుట్టుపక్కల అందరూ అల్బన్ తెగవాళ్ళేనని కారు డ్రైవరు చెప్పిన మాట సమయానికి గుర్తొచ్చింది.

"మీ వాళ్ళమే," అంది. "అల్బన్లమే మేమూ. మా ఆయన తాత కరువు సంవత్సరంలో ఇటునుంచే ఉత్తరానికి వచ్చేశాడట."

షోల్పాన్ చేతిలో కర్ర ఆగిపోయింది. "అమ్మా!"

"ఏంటే? మీ నాన్న నీకు చెప్పలేదా?" జౌరేష్ కళ్ళతోనే గద్దించింది.

నూర్‌బికె మొహం ఒక్క క్షణం వాడింది. అది చూసి జౌరేష్ లోలోపల సంతోషించింది. గండం గడిచిందనుకుంది. అంతలోనే నూర్‌బికె పిండి చేతులతోనే లేచి, "మామయ్యా! మామయ్యా! ఇటు రండి, మన మనిషి దొరికింది!" అని ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచింది.

ఆమె మామ ఒరాజ్‌బాయ్‌కి ఎనభై ఆరేళ్ళు. రెండు కర్రల మీద ఆనుకుని వచ్చాడు. ఆయన చిన్నాన్న కోజబెక్ పంతొమ్మిదేళ్ళ వయసులో, కరువులో, రైలు పట్టాల పని దొరుకుతుందని ఉత్తరం దారి పట్టాడు. మళ్ళీ కబురు లేదు. ఒరాజ్‌బాయ్ తండ్రి చచ్చేదాకా తమ్ముణ్ణి వెతికాడు. తండ్రి తరవాత కొడుకు వెతికాడు. ఇవేవీ జౌరేష్‌కు తెలియవు. ముసలాయన షోల్పాన్ మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, నుదురు వాసన చూసి, భోరుమన్నాక తెలిశాయి.

"చెవులు చూడండ్రా! మా వాళ్ళ చెవులే ఇవి! ఒరే జాందోస్, నీ చెల్లెలు రా! పో, గొర్రెను పట్టు!"

గుమ్మంలో కట్టెల మోపుతో నిలబడ్డ జాందోస్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. షోల్పాన్ వైపు చూశాడు. కట్టెలు అక్కడే వదిలి కత్తి కోసం వెళ్ళాడు.

గొర్రె కోత అయ్యాక, పెరట్లోంచి వచ్చిన కూతుర్ని జౌరేష్ గదిలోకి లాగి తలుపు వేసింది. "భయపడకు. నాలుగు మాటల్లో నిన్ను కాపాడేశాను."

"ఎవర్నుంచి?"

"ఆ జాందోస్ నుంచి! నీకేం తెలుసు, వాడి చూపు..."

"నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? ఏడాదిన్నరగా చూస్తున్నాను ఆ చూపు." షోల్పాన్ మంచం మీద కూలబడింది. "సర్వే శిక్షణలో కలిశాం. నీకు లోయ చూపించడానికా ఇంత దూరం తెచ్చాను? ఈ ఇల్లు చూపించడానికి తెచ్చాను. ముందే చెబితే నువ్వు రైలెక్కేదానివా? వాళ్ళింట్లోనూ చెప్పలేదు. ఇంకో రెండు రోజులు వాళ్ళ చేతి కూడు తిని, వాళ్ళెలాంటివాళ్ళో నీ అంతట నువ్వు చూశాక చెబుదామనుకున్నాం."

జౌరేష్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "అయితే... చెప్పెయ్. మా అమ్మ పొరబడిందని చెప్పెయ్."

"నేను కెరెయ్ తెగ పిల్లనని జాందోస్‌కు ఎప్పుడో తెలుసు. ఇందాక పెరట్లో అడిగాడు, మీ ఇద్దరిలో ఎవరిది అబద్ధమని. మరి నువ్వే చెప్పు లోపలికి పోయి అన్నాను. తాత అట్లా ఏడుస్తుంటే నీ తల్లి అబద్ధాలకోరని ఏ నోటితో చెప్పను అన్నాడు. నేనూ చెప్పలేను. నువ్వే చెప్పాలి."

"దారి తెరవగానే వెళ్ళిపోదాం. ఇంటికెళ్ళాక ఫోన్లో చెబుతాను, నెమ్మదిగా."

"గొర్రె తెగిపోయిందమ్మా. ఊళ్ళో నాలుగిళ్ళ నుంచి కబురొచ్చింది. దొరికిన చుట్టాలు మా ఇంట్లోనూ తినాలి అని. వాళ్ళందరి ఇళ్ళలో తినకుండా మనల్ని కదలనిస్తారా? రేపటికి కెగెన్ అంతా నన్ను జాందోస్ చెల్లెలంటుంది. ఆ తరవాత ఏ ఫోను చేసినా ఎవరు వింటారు?"

మధ్యాహ్నానికి గది నిండా ఉడికిన మాంసం వాసన. ఒరాజ్‌బాయ్ పెద్దలు కూర్చునే పై స్థానంలో కూర్చుని, జౌరేష్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పొద్దుటి దాకా "అమ్మా" అన్నవాడు ఇప్పుడు "కోడలా" అంటున్నాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమెకు మెడ చుట్టూ తాడు ఒక మెలిక బిగిసినట్టుంది. నూర్‌బికె ఒక వైపు నుంచి, తాత ఇంకో వైపు నుంచి ఆమె ముందు ముక్కలు పేరుస్తున్నారు. నమిలింది నమిలినట్టే నోట్లో ఉంది. కిటికీలోంచి చూస్తే తెల్లటి గోడ. తలుపు దగ్గర జాందోస్ కూర్చున్నాడు, తల వంచుకుని.

ముసలాయన ఉడికిన గొర్రె తల నుంచి చెవి కోసి షోల్పాన్ చేతిలో పెట్టాడు, ఇంటి చిన్నపిల్లకు పెట్టినట్టు. చేతులు తుడుచుకుని, దిండు కింద నుంచి నల్ల అట్ట నోటుబుక్కు తీశాడు. వంశం మొత్తం అందులో ఉంది, కొమ్మలు కొమ్మలుగా. ఒక్క పేరు కింద మాత్రం అరపేజీ ఖాళీ.

"ఇక్కడ రాయడానికి మా నాన్నకు రాసిపెట్టి లేదు. నాకుంది," అన్నాడు కలం మూత తీస్తూ. "చెప్పు కోడలా. మా చిన్నాన్న కొడుకు పేరేంటి?"

అందరూ ఆమె వైపు చూశారు. షోల్పాన్ మాత్రం చేతిలో చెవి ముక్క వైపు చూస్తోంది.

ఒక్క పేరు చాలు. ఏ పేరైనా రాసుకుంటాడు. కానీ ఎవరి పేరు తెచ్చి అక్కడ పెట్టాలి? మొగుడు మఖ్సుత్ బతికున్నప్పుడు, కూతురు మూడేళ్ళదిగా ఉన్నప్పటి నుంచీ, తొడ మీద కూర్చోబెట్టుకుని తాతల పేర్లు చెప్పించేవాడు. ఒకటి మరచిపోతే మిఠాయి లేదు. గిన్నెలు తోముతూ విని విని జౌరేష్‌కూ నోటికొచ్చాయి. ఇప్పుడా వరసలోంచి ఒకణ్ణి లాగి పారేసి, ముక్కూమొహం తెలియని కోజబెక్‌ను కూర్చోబెట్టాలి. నిజం చెబితేనో? ఈ మంచులోకే గెంటుతారేమో. గెంటకపోయినా పిల్ల నోరెత్తి అడిగిన ఒక్క సంబంధమూ పోతుంది. చెప్పకపోయినా పోతుంది.

"మా ఆయన మఖ్సుత్," అంది. "వాళ్ళ నాన్న ఇబ్రాయ్. ఆయన నాన్న జుమాబెక్."

కలం కదిలింది.

"రాయకండి తాతా. ముందు వినండి. జుమాబెక్ నాన్న ఎల్తాయ్. ఎల్తాయ్ నాన్న బొరాన్‌బాయ్. ఆయన నాన్న సెయిల్. ఆయన నాన్న తోక్సాన్. ఏడుగురూ కెరెయ్‌లే. ఏడుగురూ ఉత్తరంలోనే పుట్టి ఉత్తరంలోనే పోయారు. మీ చిన్నాన్న ఎవరో నాకు తెలీదు. నేను అబద్ధమాడాను."



"ఎందుకు?" అంది నూర్‌బికె.

"మీ అబ్బాయిని చూసి భయపడ్డాను."

"మా వాడేం చేశాడు?"

"ఏం చెయ్యలేదు. పెళ్ళి కాలేదు, అంతే."

"పెళ్ళి కాకపోతే దొంగా? నా ఇంట్లో నా టీ తాగుతూ, నా కొడుకుని పిల్లల్ని ఎత్తుకుపోయేవాణ్ణి చేశావా?" నూర్‌బికె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముసలాయన్ని చూడు. చూడొకసారి."

జౌరేష్ చూడలేకపోయింది. చూడాల్సొచ్చింది. ఒరాజ్‌బాయ్ కలానికి మూత పెట్టాడు. ఖాళీ జాగా మీద అరచెయ్యి ఆనించాడు.

"పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చిన్నాన్నకు ఓ మునిమనవరాలుండింది," అన్నాడు. "మా నాన్నకు అది కూడా దొరకలేదు." పుస్తకం మూసి పళ్ళెం ముందుకు నెట్టాడు. "తినండి. చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది."

జాందోస్ లేచి నిలబడ్డాడు. "తాతా, ఒక మాట. షోల్పాన్ నాకు చెల్లెలు కాదంటే..."

"కూర్చోరా. కత్తి పట్టుకుని వచ్చినప్పుడే నీ మొహం చూశాను. గొర్రే నీకంటే ధైర్యంగా ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. షోల్పానే. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. నూర్‌బికె నవ్వలేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏదో అర్థమైనట్టు లేచి వంటింట్లోకి వెళ్ళింది. మన కోట్లు తేవడానికే వెళ్ళింది అనుకుంది జౌరేష్. కార్డుల కోసం చెయ్యి రవిక మీదికి పోయింది.

నూర్‌బికె తెచ్చింది గిన్నె. దాన్ని జౌరేష్ ముందు పెట్టింది. అందులో గొర్రె తోక కొవ్వు, కాలేయం, పల్చగా తరిగి కలిపి ఉన్నాయి. ఆ రెండూ కలిపి తిన్నారంటే రెండు కుటుంబాలూ వియ్యమందుకున్నట్టే. ఆ తరవాత వెనక్కి పోవడం లేదు.

"పొద్దున ఒక మాట చెప్పి ఇప్పుడు ఒక మాట చెప్పావు," అంది నూర్‌బికె. "మూడో మాట నోటితో వద్దు. తింటావా, తినవా?"

ముందు గిన్నె, వెనక గోడ, బయట మంచు. జౌరేష్ కూతురి వైపు చూసింది. కూతురు తినమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఊపిరి మాత్రం బిగబట్టింది. జౌరేష్‌కు అది తెలుసు. పరీక్ష ఫలితాలు చూసేటప్పుడు చిన్నప్పటి నుంచీ అంతే.

జౌరేష్ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా నూర్‌బికె వైపు జరిపింది.

"ఇది ఇక్కడ తినేది కాదు. ఆడపిల్ల ఇంట్లో తినాలి. మీరు రావాలి, అడగాలి. నేను కోసి వండి పెట్టాలి. పద్ధతి అది."

"పెత్రోపావ్ల్‌కా? రెండు రోజుల రైలు!"

"నేను రాలేదా?"

నూర్‌బికె ఆమెను ఎగాదిగా చూసింది. "వచ్చాక మళ్ళీ ఇంకేదో తెగ పేరు చెప్పవు కదా?"

"చెప్పను."

నూర్‌బికె గిన్నె తీసుకుంది. కోపం ఇంకా పోలేదు. కానీ వెళ్తూ వెళ్తూ జౌరేష్ కప్పు నింపి వెళ్ళింది.

జౌరేష్ ఆ టీ తాగుతుండగానే లోపల మళ్ళీ మొదలైంది. ఉత్తరం గొర్రెలకు తోక చిన్నది, అంత కొవ్వు ఎక్కడ దొరుకుతుంది? పెద్ద గిన్నె ఎవరిని అడగాలి? చలికాలం రైలు దారిలో ఆగిపోతే వీళ్ళ గతేంటి? తమ ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. రెండు కర్రల మనిషి, మంచు పట్టిన మెట్లు, కాలు జారితే...

"తాతా," అంది పక్కకు వంగి, "మెట్లెక్కితే మీకు ఆయాసం వస్తుందా?"