కింద కూర్చుని ఏడవాలి

మోకాలు ఎందుకు వంగాలో పళనియమ్మాళ్ ఆ ఫిజియోథెరపీ అమ్మాయికి చివరిదాకా చెప్పలేదు. అది చెప్పే మాటా? మా అక్క పోతే నేల మీద కూర్చుని ఏడవాలమ్మా అని ఏ నోటితో అంటుంది? అందుకని కింద కూర్చుని కూరలు తరుక్కోవాలని ఒక అబద్ధం ఆడింది. భువనేశ్వరి, అంటే ఆ ఫిజియో అమ్మాయి, నవ్వి, బల్ల మీద పెట్టుకుని తరగొచ్చు కదా పాటీ, ఇంత అరిగిన మోకాలికి నేల దేనికి అని, పాటీ అంటే అవ్వ కదా, ఆ చనువుతో అరవంలో నచ్చజెప్పబోయింది. పళనియమ్మాళ్ వినలేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మరి మొండిదాని సంగతి చెప్పాలా?

పోదనూరు రైల్వే కాలనీ వెనక ఇళ్ళ వరుస వాళ్ళది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. బడి అరవం, బజారు అరవం, పెళ్ళిలో పెట్టే పాటలూ అరవమే. తెలుగు గట్టిగా వినబడేది చావింట్లో ఒక్కచోటే. శవం చుట్టూ ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, ఒకరి మెడ మీద ఒకరు చేతులు వేసుకుని, తలకు తల ఆనించి ఏడుస్తారు. ఒకరు పాట ఎత్తాలి, ఒకరు అందుకోవాలి. ఎత్తేది పళనియమ్మాళ్, అందుకునేది ఆమె అక్క కాంతమ్మాళ్. వాళ్ళమ్మ పోయిన నాటి నుంచీ ఆ వరుసలో ఈ అక్కచెల్లెళ్ళు ఏడవకుండా ఏ పాడే లేవలేదు.

పళనియమ్మాళ్ మోకాళ్ళను తిరుప్పూరు తినేసింది. పొద్దున్నే రైలెక్కి పోయి, బనియన్ కంపెనీలో చెకింగ్ బల్ల ముందు చీకటి పడేదాకా నిలబడేది. ఎక్కడో ఊళ్ళలో ఎవరో తొడుక్కునే బనియన్లలో ఎక్కడ కుట్టు ఊడిందో ఇట్టే కనిపెట్టేది. తన కుడి మోకాలు అరిగిపోతున్న సంగతి మాత్రం కనిపెట్టలేకపోయింది. చివరికి పని మానేసింది. నేల మీద కూర్చోవడమూ మానేసింది.

మేనత్త పోయినప్పుడు ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. కాంతమ్మాళ్ కింద, తను పైన. చేయి అక్క మెడకు అందలేదు. పాట ఎత్తింది గానీ అది ఎవరి ఏడుపో అన్నట్టు వచ్చింది. ఆ సాయంత్రం ఇద్దరూ నీళ్ళు పోసుకుని వచ్చాక అక్క మాటలతో కడిగేసింది.

"చెయిర్‌లో కూచోని ఏడిస్తే టీవీ చూస్తుండేట్ల ఉండాది పాపా. నాకు మాత్రం అట్ల ఏడవద్దు. కింద కూచో."

అప్పటికి అది ఉత్త తిట్టే. ఆ తర్వాత కొన్నాళ్ళకు కాంతమ్మాళ్ కడుపులో గడ్డ బయటపడింది. పెద్దాసుపత్రి వాళ్ళు చూసి, ఇంక ఇంట్లోనే పెట్టుకుని చూసుకోండి అని పంపేశారు. మర్నాడు పొద్దున్నే పళనియమ్మాళ్ ఫిజియోథెరపీకి బయలుదేరింది.

అక్కడ ముందు కరెంటు పెట్టె. మోకాలికి రెండు పక్కలా మెత్తని బిళ్ళలు అంటిస్తే చీమలు పాకినట్టుండేది. తర్వాత చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి అదిమి పట్టడం. వెల్లకిలా పడుకుని కాలు చాపి పైకెత్తి ఉంచడం, దించడం. వీటిని భువనేశ్వరి పయిర్చి అనేది. కాలెత్తి పది లెక్కపెట్టు పాటీ, దించి పది లెక్కపెట్టు అని నేర్పింది. లెక్కలు పళనియమ్మాళ్‌కు ఎప్పుడూ పడవు. కాలు ఎత్తినప్పుడు ఏడుపు పాటలో ఒక చరణం లోలోపల ఎత్తేది. అక్క అందుకునేంత సేపు కాలు దించి ఊరుకునేది. సరిగ్గా సరిపోయేది. పెదవులు కదలడం చూసి, ఏ సామి పాట అని భువనేశ్వరి అడిగింది. మారియమ్మ పాట అంది. అది రెండో అబద్ధం.

ఇంటికొచ్చాక ఆ పయిర్చి అక్క మంచం పక్కనే చాప మీద చేసేది. చాప మీదకు దిగడానికీ లేవడానికీ అక్క కూతురు ముత్తుసెల్వి రెండు రెక్కలూ పట్టుకోవాల్సి వచ్చేది. ఒకరోజు కాలు ఎత్తి, అక్క నిద్రపోతోంది కదా అని కాస్త పైకే అనేసింది.

"కట్టెల మోపెత్తి కాలినడకొచ్చినదానా, కాళ్ళు కడగకనే యాడికి పోతివే..."

మంచం మీది నుంచి సన్నగా గొంతు వచ్చింది. "ఇంగెవరు పిలిచేరు, నా తల్లీ, ఇంగెవరు పిలిచేరు..."

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. కాంతమ్మాళ్ కళ్ళు తెరవకుండానే, కాలు దించు, నేను అందుకున్నాను కదా అంది. పళనియమ్మాళ్ కాలు దించింది. ఆ రోజు నుంచి అదే వాడుకైంది. చెల్లెలు ఎత్తేది, కాలు లేచేది. అక్క అందుకునేది, కాలు దిగేది. తన చావుకు పాడే పాటను తానే అందుకున్న మనిషిని ఆ వరుసలో ఎవరూ చూసి ఉండరు. ముత్తుసెల్వి మాత్రం వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకునేది.

మోకాలు దారికొచ్చింది. వాపు తగ్గింది, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం తప్పింది. భువనేశ్వరి మురిసిపోయింది. అయితే మోకాలు వంగేకొద్దీ అక్క కుంగిపోతోంది. గంజి కూడా దిగడం లేదు. పళనియమ్మాళ్ గుండెలో ఒక భయం పుట్టింది. అక్క తన కాలి కోసమే ఆగి ఉందేమో! ఈ కాలు పూర్తిగా వంగిన రోజే వెళ్ళిపోతుందేమో! పిచ్చి ఆలోచనే, తనకూ తెలుసు. తెలిసినా పయిర్చి మానేసింది. క్లినిక్‌కు జ్వరమని కబురు పెట్టింది, అక్కతో క్లినిక్‌లోనే చేసొస్తున్నానంది. కాలు మళ్ళీ బిగుసుకుంటుంటే లోపల సంతోషించింది కూడా.

అక్క దగ్గర ఎన్నాళ్ళు దాగుతుంది? ఒక మధ్యాహ్నం కాంతమ్మాళ్ చెల్లెల్ని మంచం పక్కకు పిలిచింది.

"పయిర్చి నిలిపేసినావంట."

"నొస్తాది అక్కా."

"నొస్తే నీ మొగం ఇట్లుండదు. నువ్వు కాలు వంచకుంటే నేను పోకుండా ఉంటాననుకుంటివా?"

కాంతమ్మాళ్ ఊపిరి కూడదీసుకుంది.

"నాకింగ తాంగలేదు పాపా. రేయంతా నొప్పే. నువ్వు కాలు వంచుకో. నన్ను పోనీ."

పళనియమ్మాళ్ మంచం పట్టె పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పాట కాదు, ఉత్త ఏడుపు. మర్నాడు క్లినిక్‌కు వెళ్ళింది. భువనేశ్వరి ఇంక వాదించలేదు. బిగుసుకున్న కాలు మళ్ళీ సాగేదాకా పయిర్చి చేయించి, తొడకు బలం వచ్చాక నేలకు దిగే పద్ధతి నేర్పింది. ఒక చెయ్యి ఆసరా, ఒక పాదం వెనక్కి, మెత్త మీద మోకాలు, తర్వాత పక్కకు ఒరిగి కూర్చోవడం. లేవడానికి అదే తిరగేసి.

ఒకరోజు సాయంత్రం అక్క మంచం పక్కన, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, అలా దిగి కూర్చుంది. మోకాలు కలుక్కుమంది, ఓర్చుకుంది. కాంతమ్మాళ్ చెయ్యి చాపి ఆమె నెత్తిన పెట్టింది. సరిగ్గా కూచున్నావు అంది.

ఆ వారమే, తెల్లవారుతుండగా కాంతమ్మాళ్ పోయింది.

ఫ్రీజర్ పెట్టె వచ్చింది. షామియానా వాళ్ళు పందిరితో పాటు ఎర్ర కుర్చీలూ దించి, పెట్టె చుట్టూ తామే వరుసగా వేసేశారు. వచ్చిన ఆడవాళ్ళు వచ్చినట్టే కుర్చీల్లో కూర్చున్నారు. పెద్దవాళ్ళకు మోకాళ్ళు లేవు, చిన్నవాళ్ళకు పాట రాదు. పళనియమ్మాళ్ ఒక కుర్చీ పక్కకు జరిపి, దాని వీపు పట్టుకుని, నేర్చుకున్నట్టే పాదం వెనక్కి పెట్టి నేల మీదకు దిగింది. అందరూ చూశారు. మెడ మీద చెయ్యి వేయడానికి పక్కన ఎవరూ లేరు. ఆ చెయ్యి పెట్టె అంచు మీద వేసింది. గొంతు సవరించుకుని ఎత్తింది.

"కట్టెల మోపెత్తి కాలినడకొచ్చినదానా, కాళ్ళు కడగకనే యాడికి పోతివే..."

గొంతు నిండుగా వచ్చింది. పందిరి కింద మాటలు ఆగిపోయాయి. అక్క అడిగినట్టే, కింద కూర్చుని, ఏ లోటూ లేకుండా ఎత్తింది. ఎత్తి, ఎప్పటిలాగే ఆగింది.

పెట్టె మోటారు గుర్రుమంటోంది. ఇన్నాళ్ళూ కాలు వంచడం ఒక్కటే అనుకుంది. అందుకునేదెవరో అనుకోలేదు. రోజూ మంచం మీది నుంచి వినబడుతూనే ఉండింది కదా, ఎందుకనుకుంటుంది? పళనియమ్మాళ్ అలాగే ఆగి ఉంది. పాటలో ఆ జాగా దాటి ముందుకు పోవడం ఆమెకు రాదు.

ముత్తుసెల్వి గబగబా వచ్చి వంగింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు పూడుకుపోయింది.

"చిన్నమ్మా, కాలు నొస్తాందా? లేపి చెయిర్‌లో కూచోబెడతా."

"కాలు బాగుండాది కన్నా," అంది పళనియమ్మాళ్. "కాలికేమీ లేదు."