మూడు గుడ్ల కుంకుమపువ్వు కేకు

నా దగ్గర పాత వంట పుస్తకాలు మూడువందల పదకొండు ఉన్నాయి. వాటిని చూసి వండేదేమీ లేదు. మధ్యాహ్నం పూట కాళ్లు చాపుకుని, పక్కవాళ్లు నవలలు చదివినట్టు చదువుకుంటాను. వెన్న మరక పడ్డ పేజీ కనిపిస్తే అక్కడ ఆగిపోతాను. ఆ వంట ఎవరి ఇంట్లోనో నిజంగా ఉడికిందన్నమాట. తెల్లగా ఉన్న పేజీ అచ్చుకే గాని పొయ్యికి నోచుకోలేదు.

"గుడ్డు ఉడకబెట్టడం చేతకాదు గానీ గ్రంథాలయం పెట్టావు," అంటుంది పక్కింటి నోలా. ఆవిడకి డెబ్బై అయిదు. నాలుకకి ఇంకా ఇరవయ్యే.

ఈసారి నోలాకి నిద్ర పట్టని దిగులొకటి పట్టుకుంది. మా ఊరు విరాబీ శ్మశానంలో వాళ్ల అమ్మమ్మ సమాధి రాయి ఒరిగిపోయింది. గురువారం రాయి చెక్కేవాడు వచ్చి కొత్తదాని మీద ఏం చెక్కాలో రాసుకుంటాడు. పాత రాయి మీద ఉన్నది ఒకటే మాట: 'థామస్ రోడా భార్య'. చర్చి రిజిస్టరులో మేరీ ఆన్ అని ఉంది. ఉంటే ఏం? రాగి గనులు నడిచిన ఆ రోజుల్లో మా ఊళ్లో రాయి విసిరితే మేరీ ఆన్‌కే తగిలేది. ఇంట్లో ఆమెను ఏమని పిలిచేవారో చెప్పే మనిషి లేదు. ఆమె పోయేనాటికి నోలా తల్లికి మూడేళ్లు. తరవాత వచ్చిన సవతి తల్లి ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు.

"ఒక్క పిలుపు పేరు దొరికితే చాలే వెర్నా," అంది నోలా. "సమాధి దగ్గర కూర్చుని 'థామస్ భార్యా' అని పిలవమంటావా? ఆ మహానుభావుడి పేరు పక్క రాయి మీద ఉండనే ఉంది."

అమ్మమ్మ గుర్తుగా మిగిలిందల్లా ఒక్క పేజీ. 1930లో మా చర్చి ఆడవాళ్లు అచ్చు వేయించిన వంటల పుస్తకంలో, కుంకుమపువ్వు కేకు. కింద 'మిసెస్ టి. రోడా' అని. ఆ పుస్తకం నిండా అంతే. వండింది ఆడవాళ్లు, పేర్లు మొగుళ్లవి. ఆ కేకుకు మూడు గుడ్లు. పక్క ఊరివాళ్లు మాది కేకు కాదు, ఆమ్లెట్టని వెక్కిరిస్తారు. మేమేమో మూడు గుడ్లు వేయని కేకును మా తిరునాళ్ల పోటీలో ముట్టుకోనైనా ముట్టుకోం.

ఆ పుస్తకం ప్రతులు నా దగ్గర నాలుగున్నాయి. నాలుగూ జల్లెడ పట్టాను. ఏమీ దొరకలేదు.

మంగళవారం పాత సామాన్ల కొట్టుకు ఎవరో చనిపోయినవాళ్ల ఇంటి నుంచి ఒక పెట్టె వచ్చింది. అడుగున అయిదో ప్రతి. కొట్లో కూర్చునే పాస్టరుగారి భార్య నవ్వింది. చూశారా, నేనూ ఆవిడని మొగుడి పేరు మీదే చెప్పాను. ఆవిడ పేరు డెల్ఫీన్.

"నాలుగున్నాయిగా! మళ్లీ ఇదెందుకు?" అంది.

"మరకలు వేరు," అన్నాను.

నిలబడే తెరిచాను. లోపల పెన్సిలు రాత. ప్రతి మొగుడి పేరూ ఒక్క గీతతో కొట్టేసి ఉంది. మిసెస్ జె. పాస్కో కొట్టేసి, లాటీ. మిసెస్ డబ్ల్యు. హాకింగ్ కొట్టేసి, క్వీనీ. మిన్. డాట్. జెస్. అమ్మకానికి పెట్టిన స్టూలు మీదే కూలబడ్డాను. ఆ పేజీలు వందసార్లు చదివిన దాన్ని. వాటి వెనక ఇంతమంది ఆడవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ నిలబడి ఉన్నారని ఒక్కసారీ తట్టలేదు. మొదటి అట్ట లోపల 'ఎడిత్' అని సంతకం ఉంది. ఈ వంటలన్నీ ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది ఆమే.

కుంకుమపువ్వు కేకు ఉన్న నలభై ఆరో పేజీ తిప్పడానికి చెయ్యి రాలేదు. అదొక్కటీ వదిలేసి ఉంటే? తిప్పాను. చదివాను. నా గేటు దాటి ఒక్క పుస్తకాన్నీ ఎవరికీ ఇవ్వని దాన్ని, ఈ ప్రతిని మా ఇంటికైనా తీసుకుపోకుండా నేరుగా వెళ్లి నోలా చేతిలో పెట్టాను.

నోలా కళ్లజోడు సవరించుకుని పైకే చదివింది. "బర్డీ."

కింద ఇంకో రెండు ముక్కలున్నాయి. 'నిజానికి గుడ్డు ఒకటే. మా కోళ్లు పెట్టే జోరుకు మూడు రాసుకో ఎడిత్ అని బర్డీ వేళాకోళమాడింది. అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వుల్లో నేను మూడే రాసేశాను. అచ్చయిపోయింది.'

నోలా వేలితో ఆ పేరును మెల్లగా తడిమింది.

"మా అమ్మ చెప్పిందల్లా దగ్గు సంగతే. దగ్గి దగ్గి పోయిందని. పాపం, రోగిష్టి మనిషి అనుకుంటూనే ఇన్నాళ్లూ గడిపేశాను. చూడవే దీన్ని! చర్చి ఆడవాళ్ల ముందు పరాచికాలాడుతోంది!"

అప్పుడు వెలిగింది నాకు. మా పెళ్లిళ్లకి, మా చావులకి, మా అందరి పుట్టినరోజులకి మూడు గుడ్లు. తొంభై అయిదేళ్లుగా.

"నోలా, ఊరంతా..." అన్నాను.

"ఊరంతా మా అమ్మమ్మ వేళాకోళం తింటోందే!" అని నోలా నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది.

గురువారం రాయి చెక్కేవాడు వచ్చాడు. పేరు రాసుకున్నాడు. బర్డీ.

"ఇంకేమైనా చెక్కాలా అమ్మా? పువ్వా, పావురమా?"

"కింద గుడ్లు చెక్కు నాయనా," అంది నోలా.

అతను నా మొహం చూశాడు. ఆవిడ చెప్పినట్టు చెయ్యమన్నాను.

"ఒకటి చాలదా అమ్మా?"

"మూడు," అంది నోలా.