ఆటుపోట్ల చిత్రిక

ఇనగుదురుపేటలో యాకూబ్ సాహెబ్ గారి చెక్కపని షెడ్డులో పని పొద్దున్న ఎనిమిదింటికి మొదలయ్యేది. మొదలవడమంటే ఏముంది, ముందు టీ, టీ మీద బీడీ, బీడీ మీద బందరు రాజకీయాలు, ఆ తర్వాత ఉలి. అలాగని వాళ్ళది మామూలు వడ్రంగం అనుకునేరు. నల్లచెక్కలో సన్నటి గాడి తీసి, అందులో తెల్లచెక్క ముక్కలు పొదిగి, తీగలూ ఆకులూ పిట్టలూ దించే పని. దూరం నించి చూస్తే ఎవరో కుంచెతో గీశారనుకుంటారు. కిటికీ పక్కన, వెలుతురు బాగా పడే చోట, ఒక పీట ఏడాదిగా ఖాళీగా ఉంది. అది యాకూబ్ అన్నగారు పీర్ సాహెబ్ గారిది. ఆయన పోయాడు. పీట మిగిలింది.

ఆ పీట నాకు కావాలని పీర్ సాహెబ్ కూతురు హలీమా అడిగింది. అడిగిందంటే చాటుగా, గుసగుసగా కాదు. పదకొండు గంటలప్పుడు, ఆరుగురు పనివాళ్ళూ ఉలులు పట్టుకుని ఉండగా గడపలో నిలబడి అడిగింది. అది 1979, వేసవి.

"ఆడదానికి పీటేంటమ్మా?" అన్నాడు యాకూబ్. "ఇంట్లో కూచుని సానకాగితం రుద్దు, లక్క పాలిష్ వెయ్యి. మీ అమ్మ అదే చేసింది, మా అమ్మా అదే చేసింది."

"మా అమ్మ పాలిష్ వేసిన పెట్టెల్లో సగం గాళ్ళు తీసింది కూడా అమ్మే చిచ్చా. ఆ సంగతి మీకు తెలుసు. పేరు మాత్రం నాన్నకొచ్చింది. నాకూ పదేళ్ళప్పట్నించీ నాన్న ఉలి పట్టించాడు. మొగుడు పోయి పుట్టింటికొచ్చాక ఈ షెడ్డు నించి బయటికెళ్ళిన ప్రతి మంచం పట్టె మీదా నా చెయ్యుంది."

ఉలి చప్పుళ్ళు ఆగిపోయాయి. ఒకాయన బీడీ ఆరిపోయినా పీలుస్తూనే ఉన్నాడు.

ఆ షెడ్డులో పీట ఊరికే వచ్చేది కాదు. దానికో ఆచారం ఉంది. పొదిగిన పని మీద పెద్ద పనివాడు కళ్ళు మూసుకుని చిటికెనవేలి గోరు లాగుతాడు. చెక్కకీ చెక్కకీ మధ్య ఎక్కడా తట్టకుండా గోరు జారిపోతే, పీట వచ్చినట్టే. ఎక్కడైనా టిక్కుమందా, మళ్ళీ ఏడాది ఆగాలి. మేనల్లుడైనా అల్లుడైనా ఇదే లెక్క. యాకూబ్ మనసులో ఆ పీట తన అల్లుడికి రాసిపెట్టి ఉంది గానీ, అల్లుడి పని మీద గోరు పెడితే టిక్కుటిక్కుమని గడియారంలా మోగేది. అందుకే ఏడాదిగా ఖాళీ.

యాకూబ్ లేచి, మూలనున్న పలకల వైపు చెయ్యి చూపించాడు. "సరే. అదిగో ఉప్పెన చెక్క. దాని మీద ద్రాక్షతీగ దించు. నా గోరు తట్టకపోతే పీట నీదే. తట్టిందా, ఇంకెప్పుడూ ఈ గడప దగ్గరికొచ్చి నన్ను అడక్కూడదు."

పనివాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఎందుకంటే ఆ చెక్క యాకూబ్‌కే లొంగలేదు.

అది దివిసీమలో, సముద్రం ఒడ్డునున్న ఒక పల్లె చర్చి ముందర పెరిగిన గంగరావి చెట్టు. రెండేళ్ళ కిందట ఉప్పెనకి కూలింది. కూలి తేలుతూ కూడా పదకొండు మందిని కొమ్మల్లో మోసింది. చర్చి మళ్ళీ కట్టుకున్నాక, రొట్టే ద్రాక్షరసమూ పెట్టే ప్రభువు బల్ల ఆ చెట్టుతోనే చెయ్యాలని ఊరు ఊరంతా పట్టుబట్టి, సంఘపెద్ద ఆనందరావు గారి చేత పలకలు బందరు పంపించింది. ఆ చెక్క పోటు వేళకి ఉబ్బేది, ఆటు వేళకి దిగేది. సముద్రంలో అంతసేపు నానిన చెట్టు మరి, ఆ మాత్రం అలవాటు అవ్వదూ? నాగాయలంక వైపు ఆ ఏడాది కూలిన చెట్లతో తలుపులు చేయించుకున్నవాళ్ళు పోటు వేళ తలుపులు మూసేవాళ్ళు కారు, అంతే. మనుషులకి దాంతో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా పనివాళ్ళకే.

పొదిగే ముక్కలు ఆ చెట్టు తెల్లచెక్కలోంచే తీసుకుంటే, రెండూ కలిసి ఉబ్బుతాయి, కలిసి దిగుతాయి. అంతవరకూ యాకూబ్ కూడా కనిపెట్టాడు. చిక్కంతా గాడి అడుగున. పొద్దున్న ఆటులో తీసిన గాడి ఒక లోతు, మధ్యాహ్నం పోటులో తీసింది ఇంకో లోతు. అడుగు మిట్టపల్లాలైతే పైన పెట్టిన ముక్క కుదురుగా కూచోదు. రెండు సార్లు చేశాడు యాకూబ్. రెండు సార్లూ ముక్కలు పైకి లేచి, పాత బల్ల మీద పెచ్చుల్లా నిలబడ్డాయి.

హలీమా ఒక పలక ఇంటికి మోయించుకుంది.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట," అని వెనక నించి యాకూబ్ అనడం ఆమెకి వినిపించింది. వినపడాలనే అన్నాడు లెండి.

ఉలితో ఒక్కటే లోతు పట్టడం చేతి మీద ఆధారపడిన పని అని ఆమెకి తెలుసు. దానికి గాడి చిత్రిక కావాలి. అంటే అడుగు చదునుగా ఉండే దిమ్మ, దాని మధ్యలోంచి కిందకి దిగిన పదునైన కాలు, కాలు కదలకుండా ఒక మర. దిమ్మ పలక మీద జారుతుంటే కాలు గాడిలో తిరిగి, పెట్టిన లోతు దగ్గరే గీకుతుంది, అంతకన్నా ఒక్క పొర కూడా దిగదు. పెద్దవి దొరుకుతాయి, గుమ్మాలకి పనికొస్తాయి. ద్రాక్షతీగ కాడ బియ్యపు గింజంత వెడల్పు. దానికి సరిపోయేది బందరు బజారులో కాదు కదా, బెజవాడలో కూడా లేదు. లేకపోతే చేయిద్దాం అనుకుని, గుడివాడ పాసెంజరు ఎక్కింది.

గుడివాడలో కొండలరావు గారి లేత్ షాపులో రైసు మిల్లుల సామాన్లు చేస్తారు. ఆయన ఆమె గీసుకొచ్చిన బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదేంటమ్మా, అగ్గిపెట్టంత! దీంతో ఏం చేస్తారు?"

"మా చిచ్చా నోరు మూయిస్తానండి."

కొండలరావు పకపకా నవ్వాడు. "అయితే ఇత్తడితో చేద్దాం. తుప్పు పట్టదు, వంగదు. మరి కాలు?"

హలీమా బల్ల మీద పడున్న ఎలెన్ కీల గుత్తిలోంచి అన్నిట్లోకీ చిన్నదాన్ని తీసింది. మడమ దగ్గర వంగి, పాదం ముందుకి చాచి ఉంది. "ఈ పాదం కొస సానపట్టండి చాలు. గట్టి ఉక్కు, వంపు ముందే ఉంది."

కొండలరావు దాన్ని చూసి, ఆమెని చూసి, "ఇరవై ఏళ్ళ నించి దీంతో బోల్టులే బిగిస్తున్నాను, ఈ ఆలోచన నాకు రాలేదండీ" అన్నాడు. మూడు రోజుల్లో చేసిచ్చాడు. గీతకి గీత, వెంట్రుకకి వెంట్రుక. అంత ముద్దుగా ఉంది, అరచేతిలో పెట్టుకుంటే వదలబుద్ధి కాలేదు.

మూడు వారాలు పని చేసింది. అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు లోతుకి మర బిగించి, తీగ మొత్తం తీసింది. ముక్కలు పొదిగింది. పోటు వచ్చింది. ముక్కలు లేచాయి.

చూడ్డానికొచ్చిన యాకూబ్ గోరు పెట్టనైనా పెట్టలేదు. "చిత్రిక మంచిది కాదంటావేమో ఇప్పుడు. ఆడలేక మద్దెల ఓడు."

"చిత్రిక మంచిదే చిచ్చా. ఇంకా నేను ఓడలేదు. మీరు చెప్పింది గోరు పెట్టమని నేను పిలిచినప్పటి సంగతి. నేను పిలవలేదు, మీరే వచ్చారు."

పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే వంశం మరి. ఆ రక్తం ఆమెలోనూ ఉంది. ఆయన వెళ్ళాక మాత్రం హలీమా పలక మీద చేతులు పెట్టి ఏడ్చింది. బాధతో కాదు, కోపంతో. ముక్కలన్నీ ఊడదీసి, చిత్రికతో గాడి అడుగు ఎంత మేర తప్పిందో కొలిచింది. ఇత్తడి ఒక్క వెంట్రుకంత కూడా తప్పలేదు. తప్పిందల్లా చెక్కే, ఆటులో దిగినప్పుడు తీసిన అర నూలూ పోటులో ఉబ్బినప్పుడు తీసిన అర నూలూ ఒకటి కాలేదు.

ఆ వారమే దివిసీమ నించి కృపమ్మ వచ్చింది. బల్ల ఎంతవరకూ వచ్చిందో చూసి రమ్మని సంఘం పంపితే, రెండు బస్సులు మారి వచ్చింది. ఉప్పెన నాడు ఆ చెట్టు మీదున్న పదకొండు మందిలో ఆమె ఒకతె. యాభై ఏళ్ళ మనిషి, చేతులు మోటుగా ఉంటాయి, మాట మెత్తన. షెడ్డులో అడిగితే హలీమా ఇంటికి వెళ్ళమన్నారు.

పలక చూసి, ఊడదీసిన ముక్కలు చూసి, చాప మీద కూచుంది. మంచినీళ్ళు తాగింది.

"అవ్వట్లేదా అమ్మా?"

"అవుతుందండి. లోతు నిలబెట్టడానికి చూస్తున్నాను. చిత్రిక ఒక్క పిసరు కదలదు. ఈ చెక్కే కుదురుగా ఉండనంటోంది."

కృపమ్మ ఇత్తడి చిత్రికని చేతిలోకి తీసుకుంది. బరువు చూసి కింద పెట్టేసింది.

"ఆ రోజు మా మరిది చర్చి ఇనప గేటు పట్టుకున్నాడు. గట్టిదని. నీళ్ళు లేచాయి, గేటు లేవలేదు. నేను చెట్టుని కావలించుకున్నాను. చెట్టు వేళ్ళతో సహా పైకి తేలింది, నేనూ తేలాను. దిగింది, నేనూ దిగాను. అంతకన్నా నేనేం చెయ్యలేదు తల్లీ. నువ్వు దీన్ని గట్టిదాంతో పట్టాలని చూస్తున్నావు."

హలీమా ఇత్తడి చిత్రికని పక్కకి నెట్టింది. తర్వాత లేచి, పలక కోసినప్పుడు మిగిలిన చెక్కముక్కని మూలలోంచి తీసింది. అదే చెట్టు, అదే పలక. "కృపమ్మ గారూ, అన్నం తినే వెళ్ళాలి మీరు," అని, రంపం అందుకుంది.

ఇత్తడి దిమ్మలోంచి కాలు ఊడదీసింది. గంగరావి ముక్కతో అగ్గిపెట్టంత దిమ్మ చేసింది, చెక్కలోని చారలు పలకలో ఎటు పోతే దిమ్మలోనూ అటే పోయేట్టు చూసుకుని. కాలు అందులో దించి, పక్క నించి మేకులాంటి చెక్కసీల కొట్టింది. మర లేదు, ఇనుము లేదు, ఆ కాలు తప్ప. మధ్యాహ్నం పోటు వచ్చేవేళకి దిమ్మ చేతిలో కొంచెం నిండుగా అయింది. పలకా అయింది. గాడిలో పెట్టి లాగింది. ఆటులో తీసిన చోట నించి పోటులో తీసిన చోటకి, కాలు ఎక్కడా తట్టుకోకుండా నడిచింది. పలక ఎంత లేస్తే చిత్రికా అంత లేచింది. గాడి అడుగు గచ్చు చేసినట్టు వచ్చింది.

కృపమ్మ వంకాయ కూరతో అన్నం తిని, సాయంత్రం బస్సుకి వెళ్ళింది.

అమావాస్యకి వారం ముందే తీగ పూర్తయింది. ఈసారి హలీమా పిలిచింది. ఎప్పుడొస్తారో మీరే చెప్పండి అంది. యాకూబ్ తక్కువవాడా, అమావాస్య నాడు పొద్దున్న తొమ్మిదిన్నరకన్నాడు. నెలలో అన్నిటికన్నా పెద్ద పోటు. ఆ పొద్దున్న హలీమా ఇద్దరు మనుషుల చేత పలకని షెడ్డుకి మోయించి, పీర్ సాహెబ్ పీట ముందర పెట్టింది. తనూ లోపలికొచ్చి నిలబడింది. గడప దాటొద్దని ఆ రోజు ఎవరూ అనలేదు. ఆనందరావు గారూ కృపమ్మా కూడా వచ్చి ఉన్నారు.

యాకూబ్ చేతులు కడుక్కున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చిటికెనవేలి గోరు పలక ఈ చివర పెట్టి లాగాడు.

చప్పుడు లేదు.

అడ్డంగా లాగాడు. ద్రాక్షగుత్తుల మీద, ఒక్కో పండు మీద సున్నాలు చుట్టాడు. ఏమీ లేదు. కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నాడు. "పోటులో బిగిసుంటుంది. ఆటు రానీ, బయటపడుతుంది," అన్నాడు.

"రానివ్వండి," అంది హలీమా.

ఆయన అక్కణ్ణించి లేవలేదు. పీర్ సాహెబ్ పీట పక్కనే గొంతుక్కూచుని, గోరు పలక మీదే పెట్టుకుని ఉన్నాడు. పనివాళ్ళు వెళ్ళి భోంచేసి వచ్చారు. ఆయనకి కేరేజీ వస్తే పక్కన పెట్టమన్నాడు. మూడున్నరకి ఆటు బాగా పట్టింది. పలక దిగింది, పొదిగిన ముక్కలూ దానితోపాటే దిగాయి. గోరు తీగ మొదలు నించి చివరికీ, చివరి నించి మొదలుకీ తిరిగింది. యాభై ఏళ్ళ నించి టిక్కుమనే చప్పుడు వెతికి పట్టుకున్న గోరది. దానికి ఏమీ దొరకలేదు.

"గోరు చెప్పేసింది చిచ్చా," అంది హలీమా. "మీరు నోటితో కూడా చెప్పండి. నేను అందరి ముందర అడిగాను. మీరూ అందరి ముందరే చెప్పాలి."

యాకూబ్ పలక మీదకి వంగి చూశాడు. ద్రాక్షతీగలో ఒక ఆకు మడిచి ఉంది, ఈనెలతో సహా. ఆయన అన్నగారు కూడా అలా ఎప్పుడూ చెయ్యలేదు.

"పీట నీదేనమ్మా," అన్నాడు. ఇంకోసారి, అందరికీ వినపడేలా అన్నాడు.

హలీమా కొంగు బిగించి పీట మీద కూచుంది. సంచీలోంచి చిత్రిక తీసి ముందర పెట్టుకుంది. బల్లకి ఇంకా మూడు పలకలున్నాయి.

యాకూబ్ చెయ్యి చాచాడు. "అది ఒకసారి ఇలా ఇవ్వు, చూస్తాను."

"ఇది ఇవ్వను చిచ్చా. మీది మీరే చేసుకోవాలి. ఎలా చేసుకోవాలో నేను నేర్పిస్తాను," అంది హలీమా, రెండో పలక దగ్గరికి లాక్కుంటూ. "ముందు కాస్త పక్కకి జరగండి. వెలుతురుకి అడ్డొస్తున్నారు."

యాకూబ్ జరిగాడు.