దొంగసొత్తు అన్నారు నన్ను

నేను ఇస్త్రీ పెట్టెని, ఇత్తడిదాన్ని. ఇప్పటి కరెంటు పెట్టెల్లా తీగ తగిలిస్తే వేడెక్కే రకం కాదు. కడుపులో బొగ్గులు పోసి, రాజేసి, కాసేపు విసిరితే తప్ప పనికి లేవను. తణుకు దగ్గర ఒక కొలిమిలో పాత బిందెలూ పళ్ళేలూ కరిగించి నన్ను పోతపోశారు. టేకు పిడి బిగించారు. రాజమండ్రి నుంచి వచ్చిన తాతారావు నన్ను ఒంటిచేత్తో ఎత్తి చూసి, "పెట్టంటే ఇదీ" అన్నాడు. ఆ మాటతో నేను అతనిదాన్నైపోయాను.

రాజమండ్రిలో కోర్టుల వెనక సందులో అతని తోపుడుబండి. ఇరవై ఆరేళ్ళు అక్కడే ఉన్నాం. లాయర్ల తెల్ల చొక్కాలు, నల్ల కోట్లు నా కిందనుంచే కోర్టుకు వెళ్ళేవి. పైకి ఎంత దర్జాగా కనిపించే కోటుకైనా లోపలి అస్తరు ఎన్నిచోట్ల చిరిగిందో నాకు తెలుసు. న్యాయం గురించి నాకున్న పరిచయం అంతవరకే.

చివరి పదకొండేళ్ళు నూకరత్నం మాతో ఉంది. భర్త పోయాక బట్టలు మడతపెట్టే పనికి వచ్చింది. చుట్టరికం ఏమీ లేకపోయినా తాతారావుని బాబాయ్ అనేది. ఆయన చెయ్యి నొప్పెట్టిన రోజుల్లో నన్ను పట్టుకోవడం నేర్చుకుంది. మొదట్లో రెండు చేతులూ కావలసి వచ్చేవి. తర్వాత ఒకటి చాలింది.

ఒకరోజు పొద్దున్న తాతారావు కుడిచెయ్యి నా పిడి మీంచి జారిపోయింది. మనిషి పక్కకి ఒరిగాడు. నా కింద చొక్కా కాలి పొగ వస్తోంది. నూకరత్నం దాన్ని అలాగే వదిలేసి మనిషిని పట్టుకుంది. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది.

ఇరవై రోజుల తర్వాత మేనల్లుడు గంగరాజు ఆయన్ని ఆసుపత్రి నుంచి సామర్లకోట తీసుకుపోతూ, చివరిసారి బండి చూసుకుంటాడని ఆటోని సందులో ఆపించి, టీ తాగడానికి వెళ్ళాడు. నేను బండి పక్కన నేలమీద చల్లగా పడి ఉన్నాను. తాతారావు ఆటోలోంచి ఎడమకాలు బయటపెట్టి, నన్ను ఎదురుగా నిలబడ్డ నూకరత్నం వైపు నెట్టాడు. జానెడు జరిగానేమో. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఈలోగా గంగరాజు రావడం, ఆటో వెళ్ళిపోవడం జరిగింది.

మర్నాటి నుంచి ఆవిడే నాలో బొగ్గులు పోసింది.

పది నెలలకి గంగరాజు వచ్చాడు. చెడ్డవాడని అనను. మేనమామ మంచం దగ్గర చాకిరీ అతనే చేస్తున్నాడు. నాతో సామర్లకోటలో తనూ ఇస్త్రీ బండి పెట్టుకుందామని ఆశపడ్డాడు.

"మా మావయ్య ఇస్త్రీపెట్టి ఇలా ఇచ్చెయ్యమ్మా."

"నాకిచ్చేడయ్యా."

"మాటే రాని మనిషి ఎలా ఇచ్చేడు?"

కాలితో తనవైపు నెట్టాడని నూకరత్నం చెబితే అతను నవ్వి, పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు వచ్చి నా పిడికి పురికొసతో ఒక అట్టముక్క కట్టి, దానిమీద కేసు నంబరు రాశారు. కింద "దొంగసొత్తు" అని కూడా రాశారు. అదే రోజు నూకరత్నాన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. సందులోని టీకొట్టాయనా, ఆయన బావమరిదీ జామీను ఉంటే బెయిలు వచ్చింది. వకీలుని పెట్టుకునే తాహతు లేదంటే ఉచిత న్యాయసహాయం కింద హైమావతి గారిని ఇచ్చారు. ఆవిడ కోటు నాకు తెలుసు. ఎడమ మోచెయ్యి దగ్గర దారం పోగు లేచి ఉండేది.

ఒకరోజు కోర్టులో పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇద్దరూ వరండా బల్ల మీద కూర్చున్నారు. పక్కనే, కేసు వస్తువులు దాచే గది కిటికీలో నేనున్నాను.

"నూకరత్నం, నీ ముందు మూడు దార్లున్నాయి" అంది హైమావతి గారు. "తప్పు ఒప్పుకున్నావనుకో, మొదటి కేసు కాబట్టి మందలించో, మంచిగా ఉంటానని రాయించుకునో వదిలెయ్యొచ్చు. ఒక్కరోజులో అయిపోతుంది."

"ఒప్పుకుంటే దొంగనే కదమ్మా? దొంగచేతికి బట్టలెవరిత్తారు?"

"రెండోది రాజీ. పెట్టె వాళ్ళకి ఇచ్చేస్తే కేసు కొట్టేస్తారు. నీమీద మచ్చ ఉండదు."

"మూడోది?"

"పోరాడ్డం. నువ్వు దొంగవి కాదని నువ్వు రుజువు చెయ్యక్కర్లేదు, దొంగవని వాళ్ళే చెయ్యాలి. ఎదుటివాడి వస్తువు వాడికిష్టం లేకుండా, దురుద్దేశంతో తీసుకుంటేనే దొంగతనం."

నూకరత్నం పైట చెంగు వేలికి చుట్టుకుంది. మెల్లిగా అడిగింది. "ఆయన దారికడ్డమని జరిపితే, ఇచ్చేడని నేననుకున్నానేమో అమ్మా? పదినెల్లూ ఇదే ఆలోచన నాకు."

నా మనసులో మాట అదే. నెట్టింది నన్నే అయినా, ఎందుకు నెట్టాడో నాకూ తెలియదు.

"నిజంగా ఇచ్చాడనే నువ్వు నమ్మితే చాలు. పొరపాటు పడినా దొంగతనం కాదు" అంది హైమావతి గారు. "ఆయన్ని సాక్షిగా పిలవకుండానే గెలవొచ్చు. పిలిస్తేనే ప్రమాదం. ఇవ్వలేదని తల ఊపాడంటే నీ మాట నమ్మేవాళ్ళుండరు."

"పిలవండమ్మా."

"విన్నావా నేను చెప్పింది?"

"విన్నానండి. ఇవ్వలేదంటే తెలుసుకుంటాను. పెట్టి ఇచ్చేత్తాను. తెలీకుండా ఎలా ఉండను?"

కేసు ఏడాది పైన నడిచింది. నామీద చిలుము పట్టింది. నూకరత్నం ఆ రోజుల్లో ఒక హోటల్లో గిన్నెలు తోమింది. వాయిదాకి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర ఆగి నన్ను చూసి వెళ్ళేది.

తాతారావుని తీసుకొచ్చిన రోజు ఆయన్ని గంగరాజే వీపున మోసుకొచ్చి కుర్చీలో దించాడు. నన్ను బల్లమీద పెట్టారు. ఆయన నన్ను చూశాడు, నూకరత్నాన్ని చూశాడు. మాట రానివాళ్ళు సైగలతో సాక్ష్యం చెప్పొచ్చని మేజిస్ట్రేటు గారు అందరికీ వినిపించేలా అన్నారు.

"ఈ పెట్టె మీదేనా?"

తాతారావు తల నిలువుగా ఊపాడు. గంగరాజు ఊపిరి వదిలాడు. బోనులో నూకరత్నం కళ్ళు దించుకుంది.

"ఆవిడ దగ్గరికి ఎలా వెళ్ళింది?"

ఆయన ఎడమచేత్తో నన్నూ, నేలనీ చూపించాడు. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చూపించాడు, ఈసారి కోపంగా. బంట్రోతు నన్ను తీసి ఆయన కాళ్ళముందు పెట్టాడు. ఎడమకాలు చాపి, నన్ను బోను వైపు నెట్టాడాయన. కోర్టు గచ్చు నున్నగా ఉంది కాబట్టి ఈసారి మూరెడు జరిగాను.

"అడ్డంగా ఉందని జరిపి ఉండొచ్చు కదండీ" అన్నారు ప్రభుత్వ న్యాయవాది.

మేజిస్ట్రేటు గారు కుర్చీలో ముందుకి వంగారు. "అడ్డమని జరిపారా, ఆవిడకి ఇచ్చారా?"

అడ్డమనా అన్నదానికి తాతారావు తల అడ్డంగా ఆడించాడు. ఎడమ అరచెయ్యి తన గుండెమీద వేసుకుని, నూకరత్నం వైపు చాపాడు. నోటి మూలనుంచి, పిలిచినట్టు, ఒక శబ్దం వచ్చింది. ఆ శబ్దానికి అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు. నూకరత్నం మాత్రం బోను కర్ర పట్టుకుని, "వత్తున్నా బాబాయ్" అంది, ఎక్కడికీ కదలడానికి వీల్లేని చోటునుంచి.

కేసు కొట్టేశారు. అప్పీలు గడువు దాటాక నన్ను ఆవిడకి అప్పగించారు. అట్టముక్క తీసేసి, చింతపండుతో తోమి, సంచిలో పెట్టుకుని సామర్లకోట రైలెక్కింది.

గుమ్మంలో గంగరాజు నిలబడ్డాడు. "బాబాయిని చూడ్డానికొచ్చేను" అంది. అతను పక్కకి తప్పుకున్నాడు. ఆవిడ అరుగుమీద దుప్పటి పరిచి, నిప్పులు రాజేసి, తాతారావు చొక్కాలు ఒక్కొక్కటే ఇస్త్రీ చేసింది. ఆయన మంచం మీంచి చూస్తూ, కాలరు దగ్గర ఇంకోసారి అని ఎడమచేత్తో సైగ చేశాడు. చేసింది.

అన్నీ అయ్యాక గంగరాజు వైపు తిరిగింది. "నీ చొక్కా కూడా ఇటియ్యి."

"వద్దులే."

"ఇయ్యవయ్యా, నిప్పులారిపోతాయి."

అతను చొక్కా విప్పి ఇచ్చాడు. ఆవిడ జేబు తడిమి, ఒక కాగితం తీసింది. తాతారావు మందుల చీటీ. ఎన్నిసార్లు మందుల షాపుకి వెళ్ళివచ్చిందో, మడతల దగ్గర చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది.

ఆవిడ దాన్ని కాసేపు చూసింది. జాగ్రత్తగా మడిచి అతని చేతిలో పెట్టి, చొక్కామీద నీళ్ళు చిలకరించింది. గంగరాజు ఆ చీటీ గుప్పిట్లో పట్టుకుని, చొక్కా అయ్యేదాకా బనీనుతో అక్కడే నిలబడ్డాడు.