హద్దు డబ్బాలు

పొద్దున ఏడింటికి మడుగంతా తెల్లగా ఉంది. చేపలు వెల్లకిలా తేలాయి. బొచ్చెలు, జెల్లలు, వేలెడంత పరిగెలు, ఒకటా రెండా! ఆరోగ్యమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. కాళ్లకు నీళ్లు చల్లగా తగులుతున్నాయన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

దాచేపల్లి అవతల కృష్ణ ఒడ్డున ఉన్న ఈ మడుగును, దాని పక్క చిట్టడవిని కాపాడదామని రెండేళ్ల కిందట ఊరివాళ్లు కొందరు దళం కట్టారు. బడిపంతులు సుధీర్ బాబు దానికి పెద్ద. ఆదివారం గుడి ప్రార్థన అయిపోగానే ఆరోగ్యమ్మ తుమ్మపొదల్లో ప్లాస్టిక్ ఏరేది. వారమంతా మిరపకోత కూలి, ఆదివారం ఈ చాకిరీ. "నీకేమన్నా జీతమిస్తన్నారా ఏందే?" అని ఇరుగమ్మలు ఎగతాళి చేస్తే, "చేపలు గుడ్లు పెట్టే చోట వలేస్తే కాన్పుగదిలో దొంగతనం చేసినట్టే" అనేది. అంత పిచ్చి ఆమెకు ఆ మడుగంటే.

ఒడ్డున జనం మూగారు. వాళ్ల నడుమ, పుట్టి వేసుకుని చేపలు పట్టుకు బతికే యల్లమంద నిలబడి ఉన్నాడు.

"మడుగులో వలెయ్యొద్దన్నామని మందు కలిపాడు వీడు! పుట్టి తగలబెట్టండిరా!" అని ఎవరో అరిచారు.

"నా పిల్లల మీదొట్టు, నాకేం తెలవదు" అన్నాడు యల్లమంద. ఎవరు వింటారు?

ఆరోగ్యమ్మ కళ్లు హద్దు తాడు మీద పడ్డాయి. వలలు దాటి రాకుండా మడుగు చుట్టూ తాడు కట్టి, దానికి ఖాళీ డబ్బాలు తేలగట్టింది నిన్ననే. మిరప పండించే ఊళ్లో పురుగుమందు డబ్బా లేని ఇల్లుంటుందా? ఇంటింటికీ అడిగి పది తెచ్చింది తనే. తొమ్మిది కడిగింది. పదోదాని మూత బిగుసుకుపోయి రాలేదు. అడుగున మందు కాస్త కదులుతున్నట్టే అనిపించింది. అయినా, నీళ్లల్లో వేసేదాన్ని మళ్లీ నీళ్లతో కడగడమేంది అనుకుంది.

ఆ డబ్బా పక్కకు ఒరిగి ఉంది. పగిలిన మూత చుట్టూ నీళ్లు పాలలా తెల్లబడ్డాయి.

తాడు విప్పి డబ్బా తీసుకుని, నీళ్ల అంచున నిలబడ్డ సుధీర్ బాబు దగ్గరికి నడిచింది. "పంతులూ, ఇది నేను తెచ్చింది. కడగలేదు."

అతను వాసన చూశాడు. మొహం మాడిపోయింది. డబ్బా సంచిలో దూర్చుకోబోయాడు. "నోరు మూసుకో ఆరోగ్యమ్మత్తా. ఎల్లుండి మన పని చూడ్డానికి ఆఫీసర్లొస్తన్నారు. కంచే చేను మేసిందంటే దళం పరువేంగాను? యల్లమంద మాట ఎట్టాగూ ఎవరూ నమ్మరు."

ఎట్టాగూ నమ్మరు! ఆమె ఒక్క గుంజు గుంజి డబ్బా లాక్కుంది. పైకెత్తి అందరికీ వినపడేటట్టు చెప్పింది. "చేపల్ని చంపింది నేను. ఈ డబ్బా నాది. మందుందని అనుమానమొచ్చి కూడా కడక్కుండా కట్టింది నేను. వాణ్ని వదలండి!"

సంతలో ధర చెప్పినట్టు చెప్పింది. పుట్టి వైపు అగ్గిపెట్టె పట్టుకుపోయినవాడు వెనక్కి జరిగాడు.

యల్లమంద తిడతాడనుకుంది. కొడితే బాగుండుననుకుంది. అతను ఆమె చేతిలో డబ్బా వంక చూశాడు, మడుగు వంక చూశాడు.

"నువ్వు చెప్పకపోయినా ఒకటే వదినా" అన్నాడు మెల్లగా. "పుట్టి కాలిస్తే కాల్చనీ. గుడ్లు పెట్టే చేపలే పోయినాక ఇంక దాంతో నేను పట్టేదేముంది?"

అప్పుడు ఆరోగ్యమ్మ కాళ్లకు నీళ్లు చల్లగా తగిలాయి. అక్కడే, చేపల నడుమ కూలబడి బావురుమంది.