తలుపు మీద రెండో నోటీసు

మా ఇల్లు షూటింగుకు సినిమా వాళ్లకు ఇద్దామన్నది నా కొడుకు. ఇల్లు నిలబెట్టుకోవడానికి ఓ కుటుంబం పడే పాట్లట, నవ్వుల సినిమాయట.

"ఇల్లు పోతుంటే నవ్వేముందిరా?" అన్నాను.

"అమ్మ పోయిన దగ్గర్నుంచి నీకు దేనికీ నవ్వు రాదులే నాన్నా."

నేను తాపీ మేస్త్రీని. ఆ గోడలు నేనే లేపాను. ఇటుకలు నా భార్య మోసింది. కప్పు వేసిన ఏడాదికే ఆమె పోయింది.

సినిమాలో అధికారి వచ్చి తలుపుకు నోటీసు అంటిస్తాడు. ఇంటావిడ మిద్దె మీంచి బకెట్టుడు నీళ్లు కుమ్మరిస్తుంది. ఆ సీను తీసిందే తీశారు. తడిసినప్పుడల్లా కొత్త నోటీసు కావాలి. అంటించేవాడికి చేతకాదు, కాగితం ఉబ్బులు తేలేది. గోడలకు పూత పూసిన చెయ్యి నాది, ఊరుకోలేకపోయాను. నేనే జిగురు రాసి అరచేత్తో నున్నగా అద్దేవాణ్ని.

"మేస్త్రీగారి చెయ్యి పడితేనే నోటీసుకు కళ," అనేవాడు డైరెక్టరు. పొంగిపోయాను, ముసలి వెధవను.

షూటింగు పదిహేడో రోజు అందరూ భోజనాల దగ్గరుండగా ఒక బంట్రోతు నోటీసు పట్టుకుని వచ్చాడు. కొత్త వేషగాడనుకున్నాను.

"పెద్దాయనా, రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మీ ఇల్లు పోతుంది," అన్నాడు.

"బాగా చెప్పావు. కాగితం ఇలా తే. నువ్వంటిస్తే ముడతలు పడతాయి."

అతను తెల్లబోయాడు. నేను అంటిస్తుంటే ఫోనులో ఫొటో తీసుకున్నాడు. నవ్వుతూ నిలబడ్డాను.

"మామయ్యా, అచ్చం బంట్రోతులాగే ఉన్నాడు కదూ!" అంది కోడలు. అన్నం తినమంటే అతను తినకుండా పోయాడు.

చదవడం రాక కాదు. పదహారు రోజులుగా అలాంటివే అంటిస్తున్నాను, మళ్లీ చదవడమెందుకనుకున్నాను. మధ్యాహ్నం దాని మీదా నీళ్లు పోశారు. సాయంత్రం గీకి పారేశారు.

అభ్యంతరం చెప్పడానికి అందులో పదిహేను రోజుల గడువు ఉందట. పక్కింటి దర్జీకీ నోటీసు వచ్చింది, అతను అర్జీ పెట్టుకున్నాడు. మురుగుకాలువ తగాదా నుంచి మాకు మాటల్లేవు కాబట్టి నాకు చెప్పలేదు. అతని స్థానంలో నేనున్నా చెప్పేవాణ్ని కాదు. రోడ్డు అతని గోడను తప్పించుకుని మా ఇంటి మీదికి వంగింది.

గడువు దాటాక కూల్చే యంత్రం వచ్చింది. ఆఫీసుకు పరుగెత్తి, నోటీసు అందలేదన్నాను. గుమాస్తా ఫొటో చూపించాడు.

"ఇదెవరు?"

"నేనే."

"అంటిస్తున్నదెవరు?"

"నేనే."

"కొరివితో తల గోక్కున్నారు కదయ్యా! నా సర్వీసులో ఇంత సంబరంగా నోటీసు అందుకున్న మనిషిని చూళ్లేదు."

పక్క బల్లల వాళ్లు కూడా నవ్వారు. నేను తిరిగి వెళ్లేసరికి ఇంటి ముందు గోడ లేదు. సాయంత్రానికి ఏ గోడా లేదు.

రెండు అద్దె గదుల్లోకి మారాం. సినిమా విడుదలైంది. రానన్నా కొడుకు లాక్కెళ్లాడు. చివర్లో ఆ కుటుంబం గెలిచింది. అధికారి తడిసి ముద్దయి పరుగు తీశాడు. నా వాకిట్లో వాళ్లు గంతులేశారు. హాలంతా ఈలలు. నా కొడుకు లేచి చప్పట్లు కొట్టాడు.

"కూర్చోరా," అన్నాను.

"గెలిచారు కదా నాన్నా!"

వాడి కళ్లు మెరుస్తున్నాయి. నేను లేచి బయటికి వచ్చేశాను.

ఏడు నెలలైంది. కోడలు అన్నం పెడితే తింటున్నాను. కొడుకు పలకరిస్తే గోడవైపు తిరుగుతాను. నోటీసు అంటించింది వాడు కాదు, నేను. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మాట్లాడను.