రెండో ముద్ద

మిర్యాలగూడలో వడ్లు ఉడకబెట్టే మిల్లులు ఎన్ని ఉన్నా, అగ్గిపాముతో ఉడకబెట్టే మిల్లు బియ్యానికున్న గిరాకీ వేరు. ఊక పొయ్యి మంట ఒకసారి ఎగుస్తుంది, ఒకసారి చస్తుంది. పాము ఊపిరి అలా కాదు. ఎంత అంటే అంత, ఎంతసేపంటే అంతసేపు. టీవీవాళ్ళు వాటిని డ్రాగన్లంటారు. ఎవరే పేరు పెట్టి పిలిచినా రెక్కలు రెండే, నోట్లో నిప్పు ఒకటే. ఆ మిల్లులో పనిచేసే పాము పేరు కేసులా. మోదుగుపువ్వు రంగులో ఉంటుందని దాని మనిషి జమ్లీ తన తండా భాషలో ఆ పేరు పెట్టుకుంది.

ప్రతి పాముకూ ఒక మనిషి ఉంటారు. ఆ మనిషిని జోడు అంటారు. జోడు కావడం మాటలు కాదు. గుడ్డులోంచి బయటపడ్డ పిల్లకు జొన్నగట్క ముద్దలో నిప్పుకణిక దాచి, ఉత్త కుడి అరచేతిలో పెట్టి తినిపించాలి. ముద్ద పాముకు, మచ్చ మనిషికి. అక్కణ్ణుంచి చచ్చేదాకా ఒకరికొకరు. ఎదిగిన పాము ఆ మచ్చ లేని చేతి తిండిని వాసన కూడా చూడదు. ఇంతవరకు బాగానే ఉంది. బాగోలేనిది ఆ తర్వాతి కట్టుబాటు. జోడు చనిపోతే ఆ పాముకు మరో జోడు ముద్ద పెట్టకూడదు. పెడితే పెట్టినవాళ్ళ సొంత పాము అలిగి వెళ్ళిపోతుందట! అందుకని దిక్కులేని పామును గుట్టమీదికి తోలి వదిలేస్తారు. అక్కడ అది తిండిలేక, గొంతులో నిప్పు చల్లారి చస్తుంది. దానికి సాగనంపడం అని మర్యాదైన పేరొకటి పెట్టుకున్నారు. మనుషులు చేసే పాడుపనులకు మంచి పేర్లు దొరక్కపోవడం ఎక్కడైనా చూశారా?

పెన్‌పహాడ్ లింగస్వామి సూర్యాపేట దవాఖానలో కన్నుమూశాడన్న కబురు జమ్లీకి మిల్లులో ఉండగా వచ్చింది. హైవే పనుల్లో తారు కాగబెట్టే నల్లటి పాము గుగ్గిలం ఆయనదే. తండా పిల్ల జోడేమిటని జోడుల సంఘంలో అందరూ మూతి ముడుచుకున్న రోజున, పక్కకు జరిగి చాప మీద జాగా చూపించి, "గీడ కూసో బిడ్డా" అన్నది లింగస్వామి ఒక్కడే. ఆయన అన్న తర్వాతే మిగతావాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. జమ్లీ చాయ్ గ్లాసు కింద పెట్టేసి గోడ చాటుకు వెళ్ళి ఏడ్చింది.

చిన్నకర్మ రోజున ఆమె కేసులా మీద పెన్‌పహాడ్ చేరింది. గుగ్గిలం రెక్కలు నేలన పరుచుకుని, ఇంటి గడప మీద గడ్డం ఆనించి పడి ఉంది. గొంతు మీద చెయ్యి పెట్టి చూస్తే, కాలాల్సిన చోట నీళ్ళకుండలా చల్లగా తగిలింది.

లింగస్వామి భార్య సాయమ్మ గోడకు చేరగిలబడి కూర్చుంది. "నేను పెడితే ముట్టలే బిడ్డా. ఇన్నేండ్లు దాని పొలుసులు తోమిన, పేడ ఎత్తిన. ముద్ద కాడికొచ్చేసరికి నేను పరాయిదాన్నైన. నా చేతికి మచ్చ లేదాయె."

వాకిట్లో జోడులందరూ చేరారు. సంఘం అధ్యక్షుడు నరేందర్ కోదాడ నుంచి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. కట్టుబాటు తప్పితే సూర్యుడు పడమట పొడుస్తాడని నమ్మే రకం. మధ్యాహ్నానికల్లా గుగ్గిలాన్ని సాగనంపాలని చెప్పాడు. ఇంతలో పెరట్లో లింగస్వామి పేరు చెప్పి కాకికి ముద్ద పెట్టారు. కాకి వచ్చి తిన్నది. పోయినవాడికి తృప్తి కలిగిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జమ్లీకి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"పోయినాయనకు కాకితోని తినిపిస్తున్నం. బతికున్నదాన్ని పస్తు పెట్టి సంపుతమా సార్?"

"నాకు మాత్రం సరదానా అమ్మాయ్?" అన్నాడు నరేందర్. "దామరచర్ల పాండు సంగతి నీకు తెలియందా? రెండోదానికి ముద్ద పెట్టాడు. సొంత పాము కృష్ణ దాటి పోయింది. మళ్ళీ వచ్చిందా? పైగా నువ్వు పెట్టావంటే సంఘంలో ఉండవు. అది నా చేతిలో లేదు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మ పోయిన ఏడాది నుంచి జమ్లీకి తోడంటే కేసులాయే. సంఘంతోపాటు పని పోయినా మరో పని దొరుకుతుంది. కేసులా పోతే ఇంకో కేసులా ఎక్కడ దొరుకుతుంది? లోపలికి వెళ్ళి సాయమ్మ పక్కన కూలబడింది.

"పాండు సంగతి నిజమేనా పెద్దమ్మా? నువ్వు సూసినవా?"

"సూడకేం, మా ఆడపడుచు మొగడే గద. ఎవలు లేంది సూసి దొంగలెక్క పోయి పెట్టొచ్చిండు. ఇంటికొచ్చి సబ్బుతోని చెయ్యి రుద్ది రుద్ది కడిగిండు, పాముకు వాసన రావద్దని. అది వాని చెయ్యి వాసన సూసింది, మొకం సూసింది, లేసిపోయింది."

జమ్లీ ఆలోచనలో పడింది. పాము అలిగింది ముద్ద మీదా, సబ్బు మీదా? ఇంతమంది పెద్దలు ముద్ద గురించి కట్టుబాటు చేశారు గానీ, సబ్బు గురించి ఒక్కరూ అడగలేదు. అయితే ఇదంతా తన ఊహే కావచ్చు. ముద్ద మీదే అలిగిందేమో, ఎవరికి తెలుసు? తెలియకుండానే తేల్చుకోవాలి. బయట గుగ్గిలం ఒకసారి మూలిగింది. జమ్లీ లేచింది.

మైల ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కింట్లో గట్క వండింది. వేడివేడి ముద్దలో ఎర్రటి కణిక దాచి, చిప్పలో పెట్టుకుని, అందరూ చూస్తుండగా వాకిట్లోకి వచ్చింది. నేరుగా గుగ్గిలం దగ్గరికి పోలేదు. ముందు కేసులా ఎదుట నిలబడింది. దానితో ఎప్పుడూ తండా భాషలోనే మాట్లాడేది, ఆ రోజు మాత్రం వాకిలంతా వినాలని తెలుగులో మాట్లాడింది.

"ఇగో సూడు కేసులా. నేను దానికి ముద్ద పెడుతున్న. నీకు దాసిపెట్టి చెయ్య, నీ కండ్ల ముంగట్నే పెడ్త. నీ మీద ప్రేమ, పావురం తక్కువై గాదు. అది సస్తుంటే సూసుకుంట కూసుంటే, రేపు నీ మొకం ఎట్ల సూడాలె? నీకు ఇష్టం లేకుంటే పో. నేను ఏడుస్త, గని నిన్ను తిట్ట."

కేసులా పసుపుపచ్చ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. జమ్లీ వెళ్ళి గుగ్గిలం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముద్దను కుడి అరచేతిలోకి తీసుకుంది. పాత మచ్చ మీద కొత్త వాత. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పళ్ళు బిగించి చెయ్యి చాపింది. గుగ్గిలం ముక్కు కదిలింది. నాలుక ముద్దను తాకి, ఆగి, మళ్ళీ తాకింది. చివరికి మెల్లగా నోట్లోకి తీసుకుంది.

అదే క్షణంలో కేసులా రెక్కలు విప్పింది. వాకిలంతా దుమ్ము లేచింది. అది ఇళ్ళ కప్పులు దాటి, వరిమళ్ళు దాటి, మబ్బుల్లోకి పోయి కనపడకుండా అయింది.

"చెప్పాను కదమ్మా," అన్నాడు నరేందర్. గెలిచానన్న సంతోషం ఆ గొంతులో లేదు.

జమ్లీ తలెత్తలేదు. మాటిచ్చినట్టే ఏడ్చింది, తిట్టలేదు. గుగ్గిలం గొంతును ఎడమచేత్తో నిమురుతూనే ఉంది. ముద్ద లోపలికైతే పోయింది గానీ నిప్పు రాజుకోవడం లేదు. ముక్కుల్లోంచి సన్నటి పొగ వచ్చి ఆగిపోయింది. సాయమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

పెద్ద ఊపిరి పీల్చాలంటే పాము పైకెగరాలి. వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ అది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. భయంలో ఒక్కరికీ గుర్తుకు రాలేదు!

మబ్బుల్లోంచి మోదుగుపూల గుత్తి జారినట్టు ఏదో ఎర్రగా దిగింది. కేసులా! రొమ్ము నిండా గాలితో ఉబ్బిపోయి వచ్చి వాకిట్లో వాలింది. జమ్లీని తలతో సుతారంగా పక్కకు జరిపి, గుగ్గిలం నోటికి నోరు ఆనించి ఊదింది. నల్లటి పొలుసుల కింద గొంతు ఎర్రబడింది, ఇంకా ఎర్రబడింది. గుగ్గిలం నాలుగు కాళ్ళ మీద లేచి, మెడ ఎత్తి, తాటిచెట్టంత మంటను ఆకాశంలోకి వదిలింది.

వాకిలి దద్దరిల్లింది. ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో ఎవరికీ తెలియదు. సాయమ్మ పరుగున వెళ్ళి గుగ్గిలం మెడ పట్టుకుని భోరుమంది. కేసులా మాత్రం ఏమీ జరగనట్టు జమ్లీ కాలిన అరచేతిని నాకి, ఆమె పక్కనే కూలబడి కళ్ళు మూసుకుంది. వెళ్ళిపోవడమన్నది దాని బుర్రలోనే లేదు.

సందడి సద్దుమణిగాక నరేందర్ గొంతు సవరించుకున్నాడు. "అంతా బాగానే ఉంది. కానీ కట్టుబాటు ప్రకారం జమ్లీని..."

"జర ఆగు నరేందర్." సూర్యాపేట ఇటుకబట్టీల్లో పనిచేసే జోసెఫ్ కర్ర పట్టుకుని లేచాడు. సంఘంలో అందరికన్నా పెద్దవాడు. "నాకు షుగర్ ఉన్నది, గుండెనొప్పి ఉన్నది. సచ్చుడుకు భయం లేదు. నేను పోయినంక నా పాము గుట్ట మీద ఎట్ల సస్తదో అని ఒక్కటే పరేషాన్. జమ్లీ, దానికి ముద్ద పెడ్తవా బిడ్డా?"

"పెడ్త తాతా."

తిరుమలగిరి సరళ లేచింది. "నా దానికి శ్రీనన్న పెట్టాలె. శ్రీనన్న దానికి నేను పెడ్త." అంతే, ఇక కట్ట తెగింది. ఎవరి పాముకు ఎవరు పెట్టాలో పెళ్ళిసంబంధాలు కుదుర్చుకున్నట్టు మాట్లాడుకోసాగారు. ఇన్నేళ్ళూ ఒక్కొక్కరూ కడుపులో దాచుకున్న భయం ఒకటేనని అప్పుడుగానీ తెలియలేదు. నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు, మధ్యలో ఎవరి వంతు ఏదో మర్చిపోయి మళ్ళీ మొదటికొస్తున్నారు.

నరేందర్ ఒక్కడే విడిగా నిలబడి తన అరచేతి మచ్చ చూసుకుని, నెమ్మదిగా జమ్లీ దగ్గరికి వచ్చాడు.

"మా పాముకు నేను తప్ప ఎవరూ లేరమ్మా," అన్నాడు. "నువ్వు పెడతావా?"

"సంఘంలో లేనిదాన్ని, నేనెట్ల పెడ్త సార్?"

"లేవని ఎవరన్నారు?" అన్నాడు నరేందర్ గబుక్కున. జోసెఫ్ పగలబడి నవ్వాడు.

జమ్లీ కాలిన చెయ్యి ఊదుకుంటూ అంది. "అట్లైతే పెడ్త సార్. గని మీరందరు ఒక్కసారే పోకుండ్రి. నాకున్నది ఒక్కటే కుడిచెయ్యి."